దొర గారి పోకర్ బిళ్ళలు: కోరాపుట్ చిట్టాలో దొరికిన అసలు పద్దు

ఈసారి మన ఇంటి కబురు ఒక పెట్టె గురించి. మీలో చాలామంది దాన్ని చిన్నప్పుడు రాయగడ ఇంట్లో చూసే ఉంటారు. కొందరు అందులోని బిళ్ళలతో అష్టాచెమ్మ కూడా ఆడారు. దాన్ని అమ్ముదామని బయలుదేరి, అమ్మకుండా ఎందుకు తిరిగొచ్చామో అందరికీ ఒకేసారి చెప్పాలని ఇది రాస్తున్నాం.

పోయిన కార్తీకంలో పెదనాన్న గారు కాలం చేసారు. ఆయనకి పిల్లలు లేరు, పెద్దమ్మ ఎప్పుడో వెళ్ళిపోయింది. పదమూడో రోజు అయ్యాక నాన్న, మేనత్త, మేము కూర్చుని ఇంటి సంగతి మాట్లాడుకున్నాం. వెనక గదుల పైకప్పు కురుస్తోంది, ఒక గోడ పగుళ్ళిచ్చింది. మేస్త్రీ చెప్పిన లెక్క రెండు లక్షల డెబ్భై వేలు. ఎవరి చేతిలోనూ అంత లేదు. అప్పుడు అత్త ట్రంకు పెట్టెలోంచి దీన్ని తీసి మధ్యలో పెట్టింది.

"దొర గారు పేకాటలో ఓడిపోయి మా తాతకి ఇచ్చేసేరంట. చిన్నప్పట్నించి అదే ఇన్నాం. పెద్ద ధర పలుకుద్దని అన్నయ్య కూడా అనీవోడు. అమ్మీండి, గోడ నిలబడుద్ది."

పెట్టె జానెడున్నర పొడుగు. పైన దున్నకొమ్ము బద్దలు వరసగా నిలువుగా అతికించి ఉన్నాయి. అంచులకి తెల్లటి పట్టీ, దాని మీద నల్లటి లత. మూత తీస్తే ఇప్పటికీ గంధం వాసన వస్తుంది. లోపల నాలుగు అరలు. అరల నిండా తెల్లటి బిళ్ళలు, కొన్ని గుండ్రంగా, కొన్ని పొడుగ్గా. లెక్కపెడితే 87.

మాలో ఒకరిది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. చెప్పింది నిజమో కాదో చూడకుండా ముందుకు పంపకపోవడం ఆ పని అలవాటు. బెంగళూరులో పాత ఆటవస్తువులు సేకరించే ఒకాయన ఫోటోలు చూసి రెండు లక్షల ఎనభై వేలు ఇస్తానన్నాడు. "బ్రిటిష్ కాలపు పోకర్ చిప్స్ సెట్టు అని, దొర ఓడిపోయిన కథ కూడా కలిపి, ఒక కాగితం రాసివ్వండి" అన్నాడు. ఆ కాగితం రాయడానికే మేము చదవడం మొదలుపెట్టాం.

పోకర్ కాదు

మొదట తేలింది ఇవి పోకర్ బిళ్ళలు కావని. పోకర్ అమెరికాలో 19వ శతాబ్దం మొదట్లో, న్యూ ఆర్లియన్స్, మిసిసిపీ నది పడవల వైపు పెరిగిన ఆట. అక్కడ మొదట్లో డబ్బు, బంగారపు రవ్వలు, ఏది దొరికితే అది పణం పెట్టేవాళ్ళు. తర్వాత దంతంతో, ఎముకతో బిళ్ళలు చేయించారు. 1880ల నుంచి మట్టి మిశ్రమంతో అచ్చు పోసినవి వచ్చాయి. పోకర్ బిళ్ళకి రంగును బట్టో అంకెను బట్టో ఒక విలువ ఉంటుంది. మన బిళ్ళల మీద అంకె లేదు, రంగు లేదు.

ఇంగ్లీషు వాళ్ళ ఇళ్ళల్లో అంతకంటే ముందు నుంచీ వేరే రకం బిళ్ళలు ఉండేవి. 18వ శతాబ్దంలో క్వాడ్రిల్ అని నలుగురు ఆడే పేకాట ఉండేది. ఆటగాడికి ఒక అర చొప్పున పెట్టెలో నాలుగు అరలు, వాటిలో గుండ్రటివి, పొడుగువి, చేప ఆకారంలోవి. ఏ ఆకారానికి ఎంత అనేది ఆడేముందు వాళ్ళలో వాళ్ళు అనుకునేవారు. చైనాలోని కాంటన్ పనివాళ్ళు ముత్యపు చిప్పతో ఇలాంటివి చెక్కి, కొనేవారి వంశచిహ్నం కూడా వేసి ఓడల్లో పంపేవాళ్ళు. జేన్ ఆస్టెన్ 1813లో వేసిన 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'లో లిడియా ఎన్ని చేపలు గెలిచిందో, ఎన్ని ఓడిందో దారంతా వాగుతూ ఉంటుంది. ఆ చేపలు ఈ బిళ్ళలే. మన గవ్వలూ చింతపిక్కలూ లాంటివే అనుకోండి, కాస్త షోకైనవి.

మైసూరు కాదు, విశాఖపట్నం

ఎక్కడ చేసిందో తెలుసుకోవడంలో మేము ముందు తప్పు దారి పట్టాం. నాన్న గంగావతిలో రైస్ మిల్లు లెక్కలు చూసేవారు కాబట్టి మా చదువంతా కన్నడ మీడియంలోనే. చెక్క మీద తెల్లటి పనితనం అనగానే మాకు మైసూరే గుర్తొచ్చింది. కానీ మైసూరు పనిలో నూకమాను చెక్కని తొలిచి, ఆ గుంటలో ముక్కని పొదుగుతారు. మన పెట్టెలో తెల్ల పట్టీని పైన అతికించి, దాని మీద సన్నగా గీసి, ఆ గీతల్లో నల్ల లక్క నింపారు. ఇది విశాఖపట్నం పద్ధతి.

ఈస్టిండియా కంపెనీ వాళ్ళు 1680లలో విశాఖలో వర్తకస్థానం పెట్టుకున్నారు. 17వ శతాబ్దం చివరి నుంచి అక్కడి పనివాళ్ళు వాళ్ళ కోసం బల్లలు, కుర్చీలు, పెట్టెలు చేయడం మొదలుపెట్టారు. బర్మాలోని పెగూ నుంచి ఓడల్లో టేకు, ఏనుగు దంతం వచ్చేవి. మొదట్లో చెక్కలోనే దంతం పొదిగేవారు. 18వ శతాబ్దం మధ్య నుంచి పలచటి దంతపు రేకులు పైన అతికించి చెక్కడం పెరిగింది. 19వ శతాబ్దంలో గంధపు చెక్క, దున్నకొమ్ము, ముళ్ళపంది ముళ్ళు, తాబేటి చిప్ప కలిపిన చిన్న పెట్టెలు ఎక్కువయ్యాయి. కుట్టుసామాను పెట్టెలు, ఉత్తరాల పెట్టెలు, చదరంగం బల్లలు, పేకముక్కల పెట్టెలు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో విశాఖ పనితనం చూడొచ్చు. 1907లో వచ్చిన ఫ్రాన్సిస్ విశాఖపట్నం జిల్లా గెజిటీర్‌లోనూ ఈ పని గురించి ఉంది.

ఆ గెజిటీర్ తిరగేస్తుంటే మాకు ఇంకో సంగతి తట్టింది. అది విశాఖపట్నం జిల్లా పుస్తకం. అందులో కోరాపుట్ ఉంది, రాయగడ ఉంది, జయపురం ఉంది. విడిగా కాదు, ఆ జిల్లాలో భాగంగానే. ఆ సంగతికి మళ్ళీ వస్తాం.

దంతమా, ఎముకా?

బిళ్ళలు నిజంగా దంతమా అన్నది తర్వాతి ప్రశ్న. కాల్చిన సూది గుచ్చి చూడమని కొందరు చెప్తారు. అది చెయ్యలేదు, మీరూ చెయ్యకండి. వస్తువు పాడవుతుంది. మంచి భూతద్దం, పక్క నుంచి టార్చి లైటు చాలు. ఎముకలో రక్తం పారిన సన్నటి గొట్టాల గుర్తులు నల్లటి చుక్కల్లా కనిపిస్తాయి. సెల్యులాయిడ్ నకిలీలో గీతలు మరీ తిన్నగా, ఒకే దూరంలో ఉంటాయి. ఏనుగు దంతాన్ని అడ్డంగా కోస్తే గీతలు ఒకదాని మీద ఒకటి వాలుగా దాటుతూ చాప అల్లికలా ఉంటాయి. మన గుండ్రటి బిళ్ళల్లో ఇరవై దాకా ఆ అల్లిక స్పష్టంగా కనిపించింది. చుక్కలు ఒక్కదాంట్లోనూ లేవు.

దంతమని తేలాక సంతోషపడ్డాం. ఆ సంతోషం ఒక్క పూట. సాయంత్రం చట్టం చదివాం.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 1977లో ఏనుగుని మొదటి షెడ్యూలులో చేర్చారు. 1986 సవరణతో మన దేశపు ఏనుగు దంతం వ్యాపారం ఆగిపోయింది. 1991 సవరణతో బయటి నుంచి తెచ్చిన దంతం వ్యాపారం కూడా పోయింది. వ్యాపారులు కోర్టుకెళ్తే 2003లో సుప్రీంకోర్టు నిషేధం సరైనదేనంది. పాతది కదా, తాతల నాటిది కదా అంటే అమ్మకానికి ఆ మినహాయింపు లేదు. బయటి దేశాల దారీ మూతే. నూరేళ్ళు దాటిన కళావస్తువుని సొంతంగా దేశం దాటించడాన్ని 1972 నాటి పురావస్తువుల చట్టం ఒప్పుకోదు. బ్రిటన్‌లో కూడా దంతం అమ్మకాల మీద గట్టి నిషేధం 2022 నుంచి అమల్లోకి వచ్చింది.

బెంగళూరు ఆయనకి ఫోన్ చేసి చెప్పాం. "కాగితంలో ఎముక అని రాయండి, కొరియర్‌లో పంపండి, ఎవరు చూస్తారు" అన్నాడు. పెట్టేసాం ఫోను. నిజం చెప్పాలంటే, పెట్టేసాక ఆ రాత్రి మాలో ఒకరిద్దరికి నిద్ర పట్టలేదు. గోడ పగులు కళ్ళ ముందు ఉంది కదా.

అమ్మడం సరే, అసలు ఇంట్లో ఉంచుకోవడమైనా న్యాయమేనా? ఆ భయంతో ట్రంకు పెట్టె మొత్తం కింద పోసి వెతికాం. అడుగున రెండు దొరికాయి. ఒకటి ప్లాస్టిక్ కవరులో మడిచిన కాగితం. రెండోది గుడ్డలో చుట్టిన ముత్తాత గారి దుకాణం చిట్టా.

పెదనాన్న కాగితం

2003లో ప్రభుత్వం ఒక అవకాశం ఇచ్చింది. ఇళ్ళల్లో ఉన్న దంతం, చర్మం, కొమ్ములు లాంటివాటిని 180 రోజుల్లోగా ప్రకటిస్తే విచారించి యాజమాన్యపు సర్టిఫికెట్ ఇస్తారు. పోస్టాఫీసు ఉద్యోగం చేసిన పెదనాన్న ఆ గడువులోనే దరఖాస్తు పెట్టారు, సర్టిఫికెట్ తెచ్చుకున్నారు. పెట్టె ఒకటి, బిళ్ళలు 87 అని అందులో ఉంది. ఇరవై ఏళ్ళకి పైగా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. పెద్ద ధర పలుకుద్దని అత్తతో అన్న మనిషికే అమ్మకూడదని కూడా తెలుసు.

సర్టిఫికెట్ ఉన్నా అలాంటి వస్తువుని అమ్మకూడదు, బహుమతిగా ఇవ్వకూడదు. వారసత్వంగా మాత్రమే వస్తుంది. వారసులు 90 రోజుల్లోగా రాష్ట్రపు ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడికి తెలియజేయాలి. వేరే రాష్ట్రానికి తీసుకెళ్తే 30 రోజుల్లోగా తెలపాలి. వద్దనుకుంటే ప్రభుత్వానికి అప్పగించొచ్చు, 2022 సవరణలో ఆ దారి పెట్టారు. పరిహారం ఏమీ ఉండదు. మేము లెక్క చూసుకునేసరికి పెదనాన్న పోయి 64 రోజులు.

చిట్టా

ఇక చిట్టా. కన్నడ చదివినవాళ్ళకి తెలుగు అక్షరాలు కష్టం కాదు, తలకట్టు తేడా అలవాటైతే చాలు. పాత గొలుసుకట్టు రాత, అణాల గీతలు మాత్రం వారం పట్టాయి. నాన్న పక్కన కూర్చుని చదివించారు.

ముత్తాత గారి దుకాణం అప్పుడు కోరాపుట్‌లో. సాలూరు నుంచి ఘాట్ రోడ్డు మీద పొట్టంగి మీదుగా బళ్ళ మీద సరుకు వచ్చేది. కోరాపుట్ 1870 నుంచి ఆ ఏజెన్సీ ప్రాంతపు దొరల మకాం. కచేరీలు, గుమాస్తాలు, బంట్రోతులు ఉండేవారు. వాళ్ళలో చాలామంది కింద విశాఖ వైపు నుంచి ఎక్కి వచ్చినవాళ్ళే. బియ్యం, కందిపప్పు, కిరసనాయిలు, నెయ్యి వాళ్ళ ఖాతాల్లో రోజూ కనిపిస్తాయి.

1936 మార్చి పేజీలో ఇలా ఉంది. ఒక కచేరీ గుమాస్తా పేరు, ఆ పేరు ఇక్కడ రాయం. బాకీ 41 రూపాయల 6 అణాలు. దాని కింద: కొమ్ము పెట్టె ఒకటి, దంతపు బిళ్ళలు 96, జమ రూ. 30. ఆ కింద, మిగతా 11 రూపాయల 6 అణాలు చెల్లు.

మేము మొదట ఆఖరి మాట తప్పు చదివాం. కన్నడంలో 'చెల్లు' అంటే ఒలకబోయడం, చల్లడం. బిళ్ళలు ఒలికిపోయాయని రాసుకున్నాడేమిటి అనుకున్నాం. నాన్న నవ్వి, "చెల్లు అంటే బాకీ తీరిపోయిందని. పదకొండు రూపాయలు వదిలేసాడు మా తాత" అన్నారు.

అంటే దొర లేడు, పేకాట లేదు. ఊరు విడిచి వెళ్ళిపోతున్న ఒక గుమాస్తా, కట్టలేని కిరాణా బాకీ కింద ఇంట్లో ఉన్న మంచి వస్తువు ఇచ్చేసాడు. ఆయనకది ఎలా వచ్చిందో చిట్టాలో లేదు. అత్తకి చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "దొరే అయ్యుంటే బాగుణ్ణు" అంది.

ఎందుకు 1936 మార్చి?

అదే చిట్టాలో ఆ నెలా, ముందు నెలా ఇలాంటి చెల్లులు చాలా ఉన్నాయి. కుర్చీలు, ఇత్తడి బిందెలు, ఒక గోడ గడియారం. అందరూ లెక్కలు తేల్చుకుంటున్నారు. ఎందుకంటే 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రం ఏర్పడింది. భాష ప్రాతిపదిక మీద మన దేశంలో మొదట ఏర్పడింది అదే. సరిహద్దుల కోసం 1931లో ఒడొనెల్ కమిటీ వేసారు, వాదోపవాదాలు చాలా జరిగాయి. చివరికి జయపురం జమీందారీ మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి, విశాఖపట్నం జిల్లా నుంచి విడిపోయి, కోరాపుట్ అనే కొత్త జిల్లాగా ఒడిశాలో చేరింది. రాయగడ కూడా అందులోనే, 1992 అక్టోబరు 2న విడి జిల్లా అయ్యేదాకా.

మమ్మల్ని గంగావతిలో 'ఆంధ్రా వాళ్ళు' అనేవారు. రాయగడలో 'తెలుగు వాళ్ళు బయటి నుంచి వచ్చారు' అనేవారు. ముత్తాత గారు సాలూరు నుంచి కోరాపుట్ వెళ్ళినప్పుడు ఆయన ఏ రాష్ట్రమూ దాటలేదు, జిల్లా కూడా దాటలేదు. పెట్టె విశాఖ నుంచి కోరాపుట్ వచ్చినప్పుడూ అంతే. ఒక రోజు పొద్దున్న లేచేసరికి దుకాణం అక్కడే ఉంది, జిల్లా మారింది. గుమాస్తా కిందకి దిగిపోయాడు, ముత్తాత గారు ఉండిపోయారు. తర్వాత రైలు ఉన్న ఊరని దుకాణం రాయగడకి మార్చారు. విజయనగరం నుంచి రాయ్‌పూర్ దాకా ఆ లైను 1931లోనే పూర్తయింది.

గీత గీసినా మనుషుల రాకపోకలు ఒక్కసారిగా తెగిపోలేదు. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ గారు, ఆయన సంస్థానం ఒడిశాలో ఉన్నా, ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకి ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. అక్కడి సైన్స్ కళాశాలకి ఆయన పేరే పెట్టారు.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. బయటి వాళ్ళం కాము అనడానికి ఆ చిట్టా ఎంత సాక్ష్యమో, మేము ఇక్కడ ఎలా బతికామో దానికీ అంతే సాక్ష్యం. కచేరీ ఖాతాల వెనక పేజీల్లో కొండ ఊళ్ళ మనుషుల అప్పులున్నాయి. గింజలు ఇచ్చి గింజలు పుచ్చుకున్న లెక్కలు. 1917లోనే మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీలో గిరిజనుల అప్పుల మీద వడ్డీ ఏడాదికి నూటికి 24 మించకూడదని, మొత్తం వడ్డీ అసలుని మించకూడదని చట్టం చేసింది. మన చిట్టాలో కొన్ని లెక్కలు ఆ హద్దు దాటాయి. గుమాస్తాకి 11 రూపాయలు చెల్లు రాసిన చెయ్యే వాళ్ళకి ఎక్కడా చెల్లు రాయలేదు. దొర కథ చెప్పుకున్నంత కాలం ఈ పేజీలు ఎవరూ తిప్పలేదు.

ఏం చేసాం

71వ రోజున నాన్న, అత్త సంతకాలతో, పెదనాన్న సర్టిఫికెట్ నకలు జతచేసి వారసత్వ ప్రకటన ఇచ్చి రసీదు తీసుకున్నాం. ప్రభుత్వానికి అప్పగిద్దామని మాలో కొందరన్నారు, ఆ మాట ఇంకా మూసెయ్యలేదు. ప్రస్తుతానికి పెట్టె అత్త దగ్గరే, రాయగడలోనే ఉంటుంది. చిట్టాని పేజీ పేజీ ఫోటోలు తీసాం, వెనక పేజీలతో సహా.

పైకప్పుకి ఇంటికో వాటా వేసుకున్నాం. ముందు వెనక గదులు రెండూ పూర్తయ్యాయి. గోడ వచ్చే ఎండాకాలం.

చిట్టాలో 96 బిళ్ళలు, సర్టిఫికెట్‌లో 87. ఆ తొమ్మిది ఏమయ్యాయని అత్తని అడిగాం. "ఆరు నూతిలో పడ్డాయి. ఓడిపోయినప్పుడల్లా మీ నాన్నే ఇసిరీవోడు" అంది. మిగతా మూడూ ఎక్కడో మన ఇళ్ళల్లోనే ఉండొచ్చు. మీ అటకల మీద కనబడితే అమ్మకానికి పెట్టకండి, దయచేసి ముందు మాకు ఫోన్ చెయ్యండి. అలాగే పాత చిట్టాలేవైనా ఉంటే చిత్తుకాగితాల వాడికి వేసేముందు ఒక్కసారి తెరవండి. చదవడం రాకపోతే మాకు పంపండి. 'చెల్లు' అనే మాట ఇప్పుడు మాకు బాగానే వచ్చు.